ముందు మూట విప్పండి

ఏదైనా కొత్త పని తలపెట్టగానే మనం మొదట చేసేది లేనివాటిని లెక్కపెట్టుకోవడం. పెట్టుబడి లేదు, ఇంగ్లీషు రాదు, తెలిసినవాళ్లు లేరు, టైము లేదు. లెక్క పూర్తయ్యేసరికి ఉత్సాహం సగం చచ్చిపోతుంది. మిగతా సగం వచ్చే నెలకు వాయిదా పడుతుంది.

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో బొంతలు కుట్టే ఆడవాళ్లు అలా మొదలుపెట్టరు. వాళ్లు ముందు మూట విప్పుతారు. ఏళ్ల తరబడి దాచిన పాత నూలు చీరలు, చిరిగిన పంచెలు, లంగాలు, పిల్లలకు పొట్టిబడిన చొక్కాలు అన్నీ నేల మీద పోస్తారు. బొంత ఎంత పొడుగు వస్తుంది, ఎంత మందం వస్తుంది, ఒకటి అవుతుందా రెండు అవుతాయా అన్నది ఆ కుప్పను చూశాకే తేలుతుంది. పెద్ద లక్ష్యం పెట్టుకో, దానికి కావలసినవన్నీ సమకూర్చుకో అని వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు చెబుతాయి. చేతిలో ఏమీ లేదనుకుని కూర్చున్న మనిషికి ఆ సలహా మరింత భయం పుట్టిస్తుంది. ఉన్నదేమిటో తీసి చూడు, దానితో అయ్యేంత పని ఇవాళే మొదలుపెట్టు అనేది బొంత కుట్టేవాళ్ల వరస. నా మటుకు నాకు ఇదే సరైన వరస.

ఇది తీరికగా కూర్చుని కనిపెట్టిన పద్ధతి కాదు. కర్నూలు జిల్లా పడమటి కొస అంతా నల్లరేగడి, పత్తి, నమ్మరాని వాన. తుంగభద్ర దిగువ కాలువ అందిన చోట కొంత పచ్చగా ఉంటుంది, అందని చోట పంట దేవుడి దయ. వాన ముఖం చాటేసిన ఏడు కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే వలస కూలికి, కదులుతాయి. గుంటూరు వైపు మిరపకాయ కోతకు, పత్తి తీతకు పోయే ఆ కుటుంబాల సామానులో బియ్యం, గిన్నెలతో పాటు తప్పకుండా ఉండేది బొంత. పరాయి ఊళ్లో గుడారం కింద మట్టి నేల మీద పరుచుకోవడానికి అదే, తెల్లవారుజామున చలికి కప్పుకోవడానికీ అదే. ఇంటి దగ్గరున్నా నాపరాయి పరిచిన మిద్దెలో పుష్యమాసపు రాత్రి బొంత లేకుండా పడుకోవడం కష్టం. కొని తెచ్చుకునే స్తోమత లేనిచోట, పారేయవలసిన బట్టలోంచి పరుపునూ దుప్పటినీ ఒకేసారి తీశారు ఈ ఆడవాళ్లు. తుంగభద్ర అవతలి కన్నడ పల్లెల్లో దీన్నే కౌది అంటారు. కుట్టు అదే, అవసరమూ అదే.

ఇక ఆ మూటలోకి వద్దాం. నేర్చుకోవలసిందంతా అక్కడే ఉంది.

చిరిగిన చీర అంతా చిరగదు

బొంత కుట్టేవాళ్లు ప్రతి గుడ్డనూ రెండు చేతులతో పట్టుకుని ఒక్కసారి లాగి చూస్తారు. వెలుగుకు ఎదురుగా చాపి చూస్తారు. లాగగానే జీవం లేక విచ్చుకుపోయేది ఒక పక్కకు, పట్టు నిలిచేది ఒక పక్కకు. వాళ్లకు అనుభవం మీద తెలిసిన సంగతి ఒకటుంది. చీర చిరిగిందంటే ఒక చోట చిరిగిందని అర్థం. కూర్చున్నచోట, కాళ్ల కింద పడి నలిగినచోట బట్ట పోతుంది. కుచ్చిళ్లలో మడత పడి ఉండే భాగం ఇంకా గట్టిగానే ఉంటుంది. కత్తెర పట్టుకుని పోయినదాన్ని కత్తిరించి, నిలిచినదాన్ని ఉంచుకుంటారు. పోయినది కూడా పారేయరు. చిన్న పేలికలుగా చింపి లోపలి పొరల్లో నింపుతారు.

మనం ఓడిపోయిన పనులను ఇలా చూడం. ఆదోనిలో రెండేళ్లు కిరాణా కొట్టు నడిపి మూసేసిన కుర్రవాడిని ఊహించుకోండి. అడిగితే "బిజినెస్ చేసి నష్టపోయాను" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. లాగి చూస్తే పోయింది డబ్బు. అప్పు ఎవరికి ఇవ్వాలో ఎవరికి ఇవ్వకూడదో ఇప్పుడు అతనికి తెలుసు. హోల్‌సేల్ వాళ్ల దగ్గర ఏ రోజు బేరం కుదురుతుందో తెలుసు. రోజువారీ లెక్క రాయడం వచ్చింది. వందమంది ఆడవాళ్లతో, ముసలివాళ్లతో ఓపికగా మాట్లాడటం వచ్చింది. ఇవి చీర కుచ్చిళ్ల భాగం లాంటివి, ఇంకా గట్టిగా ఉన్నాయి. వీటిని నష్టంతో కలిపి చుట్టి పారేస్తే, అప్పుడు నిజంగా నష్టం.

ఇంకొకరి సంగతి చూడండి. డిగ్రీ అయింది, ఇంగ్లీషు అంతంతమాత్రం, ఇంటర్వ్యూలంటే వణుకు. ఆదోని పిల్లలు చాలామంది తమ గురించి చెప్పుకునేది ఇంతే. కానీ ఆదోని 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా బళ్లారి జిల్లాలో ఉన్న ఊరు. అక్కడి వీధుల్లో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఒకే బేరంలో వినిపిస్తాయి. ఆ పిల్లలకు మూడూ వచ్చు. వచ్చన్న సంగతి వాళ్లకు పట్టదు, ఎందుకంటే ఎవరూ నేర్పలేదు, ఎవరూ మార్కులు వేయలేదు. రైతు బిడ్డకు పత్తి గుప్పిట్లోకి తీసుకోగానే తేమ తెలుస్తుంది, పింజ పొడుగు తెలుస్తుంది. బజారులో అది విలువైన చూపు. బయోడేటాలో ఎక్కడా కనిపించదు.

కాబట్టి ఒక సాయంత్రం కాగితం తీసుకుని కూర్చోండి. సర్టిఫికెట్లు రాయకండి. మీరు నిజంగా చేసిన పనులు రాయండి. చెల్లెలి పెళ్లికి వంటవాళ్లతో బేరం మాట్లాడారా? రాయండి. నాన్న ఆసుపత్రిలో ఉన్న పదిహేను రోజులు మందులు, బిల్లులు, బంధువుల ఫోన్లు మీరే చూసుకున్నారా? రాయండి. ఆగిపోయిన పనులూ రాయండి, వాటి పక్కన అందులో నిలిచి ఉన్నదేమిటో రాయండి. లాగి చూడటంలో మొహమాటం వద్దు. ఎప్పుడో పదో తరగతిలో వచ్చిన మొదటి ర్యాంకు మీద ఇంకా బతుకుతున్నారేమో చూసుకోండి. అది జీవం పోయిన గుడ్డ. లోపలి పొరలోకి పంపండి.

అడుగున అతుకు ఉండకూడదు

ఏరడం అయ్యాక పరచడం. అన్నిటికన్నా కింద వేసేది చిరుగు లేని గట్టి చీర. పైన ఎన్ని రంగుల ముక్కలైనా అతకవచ్చు, లోపల ఎన్ని పేలికలైనా నింపవచ్చు. అడుగు మాత్రం ఒకే బట్ట అయితే మంచిది. నేల రాపిడి తట్టుకునేది అదే, కుట్లన్నీ పట్టుకుని ఉండేదీ అదే.

పది కోర్సుల్లో తలా పది రోజులు గడిపే యువతకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇది. కాస్త ఫోటోషాప్, కాస్త స్పోకెన్ ఇంగ్లీషు, కాస్త యూట్యూబు, కాస్త షేర్ మార్కెట్. ముక్కలు తప్పు కాదు, రంగు ముక్కల వల్లే బొంతకు అందం వస్తుంది. వాటి కింద ఒక్కటైనా పూర్తిగా వచ్చిన పని ఉందా? అకౌంట్స్ కావచ్చు, టైలరింగ్ కావచ్చు, మోటారు వైండింగ్ కావచ్చు, పిల్లలకు లెక్కలు చెప్పడం కావచ్చు. రాత్రి లేపి అడిగినా చేయగలిగేంత వచ్చిన పని ఒకటి. అది కుదిరాక మిగతా ముక్కలు ఎన్నయినా దాని మీద కూర్చుంటాయి.

వేలెడు ఎడం

పొరలు కదలకుండా ముందు అంచుల వెంట పెద్ద కుట్లు వేస్తారు. తరువాత లావుపాటి సూదితో, రెండు పేటల దారంతో అసలు కుట్టు. కొందరు నాలుగు అంచుల చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. కొందరు ఈ అంచు నుంచి ఆ అంచుకు వరసగా పోతారు. వరసకూ వరసకూ మధ్య వేలెడు ఎడం. ఎడం ఎక్కువైతే లోపలి పేలికలు జారి ఒకచోట గడ్డకడతాయి. మరీ దగ్గరైతే బొంత బిగుసుకుపోయి మెత్తదనం పోతుంది, దారమూ దండగ. చేయి తిరిగినవాళ్లకు కొలబద్ద అక్కర్లేదు, వేలే కొలత.

పెద్ద బొంత ఒక పూటలో అయ్యేది కాదు. వంట ముగిసి, పశువులకు మేత పడి, మధ్యాహ్నం ఎండకు పొలం పోలేని వేళ దొరికే గంట, గంటన్నర. అలాంటి మధ్యాహ్నాలు చాలా కలిస్తే ఒక బొంత. లేచేటప్పుడు సూదిని ఆపిన చోటే బట్టలోకి గుచ్చి, బొంత చుట్టి పెడతారు. మర్నాడు విప్పగానే చేయి నేరుగా అక్కడికి పోతుంది. ఎక్కడ ఆపాం, ఏం చేయాలి అని వెతుక్కునే పని లేదు.

పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, ఉద్యోగం చేస్తూ ఇంకేదో నేర్చుకునేవాళ్లు ఈ ఒక్క అలవాటు పట్టుకుంటే చాలా కలిసివస్తుంది. పుస్తకం మూసే ముందు రేపు చేయవలసిన మొదటి లెక్క ఏదో రాసి, ఆ పేజీలోనే పెన్ను పెట్టి లేవండి. మనం రోజూ పోగొట్టుకునే సమయంలో ఎక్కువ భాగం మొదలుపెట్టడానికి ముందు పోతుంది. గుచ్చి ఉంచిన సూది ఆ భాగాన్ని మిగులుస్తుంది. వేలెడు ఎడం కూడా మరచిపోవద్దు. ఆదివారం పన్నెండు గంటలు చదివి ఆరు రోజులు పుస్తకం ముట్టనివాడికి చదివినదంతా ఒకచోట గడ్డకడుతుంది. రోజుకు గంట చొప్పున పోయేవాడికి అంతటా సమంగా నిలుస్తుంది.

ఎలా కుట్టారన్నది ఉతికే రోజు బయటపడుతుంది. కాలువ గట్టున బండ మీద బాదేటప్పుడు బలహీనమైన కుట్టు తెగుతుంది, జారే పేలిక జారుతుంది. తడిసిన బొంత ఎంత బరువంటే పిండటానికి ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకోవాలి. తెగిన చోటు చూసుకుని ఎండబెట్టాక మళ్లీ కుట్టుకుంటారు, దానికి ఎవరూ చిన్నబుచ్చుకోరు. మీరు నేర్చుకున్నదాన్ని కూడా తొందరగా నలుగురి ముందు పెట్టండి. మాక్ టెస్టు రాయండి, వండినది పక్కింటికి పంపండి, రాసినది నిక్కచ్చిగా చెప్పే మనిషికి చూపించండి. తెగినచోట తిట్టుకుంటూ కూర్చోవద్దు. ఆ చోట రెండు కుట్లు ఎక్కువ వేయండి.

పక్కింటి చేయి

పెద్ద బొంత పరిచినప్పుడు పక్కింటి ఆడవాళ్లు వచ్చి తలా ఒక అంచున కూర్చోవడం పల్లెల్లో మామూలే. ఈ వారం మీ ఇంటిది, వచ్చే వారం మాది. మాటలు సాగుతుంటాయి, వరసలు సాగుతుంటాయి. కొత్త కోడలికి సూది పట్టడం వచ్చేది అక్కడే.

ఈ చేతుల కలయికను ఊరి స్థాయికి పెంచిన మనిషి ఎమ్మిగనూరులోనే ఉండేవారు, మాచాని సోమప్ప. విడివిడిగా మగ్గం నేసుకునే మనిషి అవస్థ ఎప్పుడూ ఒక్కటే: నూలు అప్పిచ్చేవాడే బట్ట కొనేవాడు, ధర చెప్పేదీ అతనే. సోమప్ప 1938లో నేతగాళ్లను కూడగట్టి సహకార సంఘం పెట్టారు. నూలు కొనడం, బట్ట అమ్మడం సంఘం చేతికి వచ్చాయి. ఎమ్మిగనూరు దుప్పట్లకు, తువ్వాళ్లకు దూరప్రాంతాల్లో పేరొచ్చింది. పద్మ పురస్కారాలు మొదలైన 1954లోనే ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయనేమీ కొత్త మగ్గం కనిపెట్టలేదు. ఊళ్లో ఉన్న మగ్గాలు, ఊళ్లో ఉన్న చేతులు, వీటినే ఒక వరసలో పెట్టారు. మూట విప్పి చూడటమంటే ఇదీ.

ఆదోనిది ఇంకా పాత పేరు. 1911 నాటి ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో ఆదోని గురించి ఉన్న కాసిన్ని వాక్యాల్లోనే తివాచీల తయారీ, పట్టు, నూలు సరుకు, పత్తి జిన్నింగు ఫ్యాక్టరీలు చోటు చేసుకున్నాయి. ఆదోని పిల్లలు తమ ఊరిని వెనకబడిన ఊరని చెప్పుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

సోమప్ప సంఘం లాంటిదే ఒక కథ అమెరికాలోనూ ఉంది. అలబామా రాష్ట్రంలో నది వంపులో గీస్ బెండ్ అనే పల్లె. పత్తి తోటల్లో బానిసలుగా పనిచేసినవాళ్ల వారసులు అక్కడ ఉంటారు. పొలం పనిలో మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంట్లు, వెలిసిన చొక్కాలు కలిపి ఆడవాళ్లు బొంతలు కుట్టేవారు, చలికి. 1966లో ఆ ప్రాంతపు ఆడవాళ్లు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 1972లో సియర్స్ కంపెనీకి కార్డురాయ్ బట్టతో గలీబులు కుట్టే పని దొరికింది. మిగిలిన కార్డురాయ్ ముక్కలను ఇళ్లకు తీసుకుపోయి సొంత బొంతల్లో వాడారు. ఆ బొంతలు 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, తరువాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడలకెక్కాయి. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. మన ఇళ్లలో అటక మీద పడి ఉన్నవి వాటికి దగ్గరి చుట్టాలు. బెంగాల్‌లో కాంథా, ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీల కవంది, జపాన్‌లో బోరో, అన్నీ పాత బట్టకు ప్రాణం పోసిన చేతులే. స్వీడన్ వాళ్లు పాత బట్టను సన్నగా చీల్చి, నూలు పడుగు మీద పేకగా నేసి నేలమీద పరుచుకుంటారు. మన దగ్గర చీర పేలికలను జడలా అల్లి, గుండ్రంగా చుట్టి కుట్టి గుమ్మం ముందు వేస్తారు.

వెల చెప్పడం నేర్చుకోండి

ఇప్పుడు బాధ కలిగించే సంగతి. బొంత అంటే మనకు సిగ్గు. చుట్టాలు వస్తే బొంత దాచి, బజారులో కొన్న పులి బొమ్మ రగ్గు పరుస్తాం. పెళ్లి సారెలో బొంత పెడితే పుట్టింటివాళ్లను తక్కువగా చూస్తారేమోనన్న భయం. దీనికి తోడు నూలు చీరలు కట్టడం తగ్గింది. పాలియెస్టర్ చీర సూదికి జారుతుంది, చెమట పీల్చదు, ఎంత వాడినా నూలులాగా మెత్తబడదు. మూటలో మంచి బట్టే తక్కువైంది. కుట్టే చేతులూ తగ్గుతున్నాయి. కూలికి బొంతలు కుట్టిపెట్టే ఆడవాళ్లు వీధిలోకి వస్తే "పాత గుడ్డలకు ఇంతా?" అని బేరమాడతాం.

ఆ ప్రశ్నలోనే తప్పుంది. బట్ట మీదే, పాతదే. మీరు కొంటున్నది ఆమె రోజులను, ఆమె వేళ్లను, ఆమె చూపును. చేసేవాళ్లు కూడా అదే తప్పు చేస్తారు. "మాదేముందమ్మా, పాత బట్టే కదా" అని తమ పనిని తామే తగ్గించుకుంటారు. ఇంట్లో కూర్చుని మిషను కుట్టే అక్క, ట్యూషన్ చెప్పే డిగ్రీ అమ్మాయి, కంప్యూటర్ బాగుచేసే కుర్రవాడు, అందరిదీ ఇదే జబ్బు. వెల అడగగానే గొంతు తగ్గుతుంది, "మీ ఇష్టం" అంటారు. మీ ఇష్టం అన్న మనిషికి అవతలివాళ్ల ఇష్టమే దక్కుతుంది.

గీస్ బెండ్ ఆడవాళ్ల బొంతలకు అంత పేరొచ్చాక కూడా, 2007లో వాళ్లలో కొందరు తమకు రావలసింది రాలేదని కోర్టుకు వెళ్లారు. మరుసటి ఏడాది రాజీ కుదిరింది. పొగడ్త వేరు, కూలీ వేరు. రెండోదాన్ని నోరు తెరిచి అడగాలి, కాగితం మీద రాసుకోవాలి.

లెక్క కష్టమేమీ కాదు. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనికి ప్రభుత్వం ఖాయం చేసిన కూలీ రోజుకు 307 రూపాయలు. ఒక బొంతకు పూర్తి పనిదినాలు పది పట్టాయనుకుంటే, దారం ఖర్చు కలపకముందే 3,070 రూపాయలు. ఇది నైపుణ్యం అక్కర్లేని పనికి కట్టిన లెక్క. బొంత కుట్టడానికి నైపుణ్యం కావాలి, దానికి ఇంకా కలపాలి. మీ పనికి కూడా ఇదే పద్ధతిలో ఒకసారి లెక్క కట్టండి: ఎన్ని గంటలు, ఏ కూలీ, ఏ ఖర్చు. వచ్చిన అంకెను అద్దం ముందు నిలబడి గట్టిగా పలకండి, తడబడకుండా వచ్చేదాకా. తరువాత అదే గొంతుతో అవతలి మనిషికి చెప్పండి. కొందరు వెళ్లిపోతారు, వెళ్లనివ్వండి. ఉండేవాళ్లతో పని చేయండి.

మీ ఇంట్లో అవ్వో, జేజో, అత్తో బొంత కుట్టగలిగినవాళ్లు ఉంటే ఈ ఎండాకాలం వాళ్ల పక్కన కూర్చుని ఒక్క వరసైనా మీ చేత్తో వేయండి, మగపిల్లలు కూడా. కుట్టేవాళ్లు ఇంట్లో లేకపోతే, వీధిలోకి వచ్చినామెను పిలిచి నూలు చీరలు ఇచ్చి కుట్టించుకోండి. ఎన్ని రోజులు పడుతుందో ముందే అడగండి, అన్ని రోజుల కూలీ బేరమాడకుండా ఆమె చేతిలో పెట్టండి.